ఆట అయిపోతుంటే ఎందుకీ బెంగ?

ప్రశ్న: నాన్న సింగరేణిలో ఫస్ట్ షిఫ్టుకు లేచే వేళకు కూడా నేను ‘పర్సోనా 5 రాయల్’ వీడియో గేమ్ ఆడుతూనే ఉంటున్నాను. తొంభై గంటలైంది. ఒక్కోసారి విసుగు, తీరా ముగింపు దగ్గరపడితే ఆడబుద్ధి కావడం లేదు. ఇది జబ్బా?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఈ బెంగ జబ్బు కాదు. జపాన్ రోల్ ప్లేయింగ్ ఆటల తీరే అంత. 1986 నాటి ‘డ్రాగన్ క్వెస్ట్’ నుంచీ చిన్న చిన్న పోరాటాలు పదేపదే గెలిచి, లెవెల్ పెంచుకుంటేనే కథ కదులుతుంది. విసుగు అక్కడే పుడుతుంది, మమకారమూ అక్కడే. 1997లో వచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’లో మన జట్టులోని ఏరిత్ అనే పాత్ర చనిపోయినప్పుడు ఎంతోమంది ఏడ్చారు. అప్పటిదాకా ఆమెకు ఆయుధం ఇచ్చింది, శక్తులు అమర్చింది మన చెయ్యే మరి. ఆ తర్వాత జట్టును చూసుకుంటే, గాయాలు మాన్పే ఆ పిల్ల ఉండదు. నాకు ఇప్పటికీ ఆ ఖాళీ గుర్తుంది.

మీ ఆటలో ఒక్కో సాయంత్రం ఎవరితో గడపాలో మీరే ఎంచుకుంటారు. అన్ని రోజులు కలిసి తిరిగిన వాళ్లను వదలాలంటే మనసొప్పదు, అది సహజం.

విసుగొస్తే కష్టం స్థాయి తగ్గించుకోండి, తప్పేం లేదు. నిద్ర సంగతే నన్ను కలవరపెడుతోంది. ఆపుదామన్నా ఆపలేక చదువు, ఉద్యోగం, ఇంటి మనుషులు వెనకబడి, అది ఏడాదిపాటు సాగితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రుగ్మతగానే లెక్కిస్తుంది. మీరు అంతదూరం వెళ్లలేదనే అనుకుంటున్నాను. రాత్రి పదకొండుకు సేవ్ చేసి పడుకోండి. చివరి ఘట్టం మాత్రం ఆదివారం పగలు, తీరిగ్గా ఆడండి.