చేప ఒడ్డుకు చేరాక

విశాఖపట్నం

అమ్మడూ,

నీకు శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఊరు పడిందని నాన్న ఫోన్‌లో చెప్పాడు. భీమవరం పక్కన చెరువు గట్ల మీద పెరిగిన పిల్లవి. మత్స్య పాలిటెక్నిక్‌లో నేర్చుకున్నదంతా నీటి పరీక్షలు, మేత లెక్కలు, రొయ్యకు వచ్చే తెగుళ్ళు. ఇప్పుడు గ్రామ మత్స్య సహాయకురాలివై తీరానికి వెళుతున్నావు. చెరువు రైతుకు నీళ్ళలో సరుకెంత ఉందో, పట్టుబడి ఏ నెలలో చేయాలో ముందే ఒక అంచనా ఉంటుంది. సముద్రం మీద బతికేవాడికి ఆ రెండూ తెలియవు. తేడాలన్నీ అక్కడే మొదలవుతాయి. ఉద్యోగమంతా ఈ తీరం వెంబడే చేసినవాణ్ణి గనక, నీ పుస్తకాల్లో దొరకని సంగతులు కొన్ని రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

చేరిన వారంలోనే పడవలెన్ని, వలలెన్ని, ఇంజిన్లెన్ని అని పైనుంచి అడుగుతారు. శ్రద్ధగా లెక్క కట్టి పంపు. అయితే ఆ ఊరి బతుకు నీకు ఆ కాగితంలో కనిపించదు. తెల్లవారుజామున ఇసుక మీదికి వెళ్ళు. తెప్పలు ఒడ్డెక్కుతాయి, చేపల పాట మొదలవుతుంది. కొన్ని పడవల సరుకుకే పాట జరుగుతుంది. మిగతా పడవల సరుకు పాట లేకుండానే ఒకాయన పెట్టెల్లోకి వెళ్ళిపోతుంది. ఆ రెండో రకం పడవలు ఎన్నో చూసి రాసుకో. నిన్ను ఎవరూ అడగని లెక్క అది. నా దృష్టిలో ఊరికి అన్నిటికంటే ముఖ్యమైన లెక్క కూడా అదే.

ఎందుకో చెబుతాను. ఒక పడవ యజమాని చేపల సావుకారు దగ్గర లక్ష రూపాయలు అడ్వాన్సు తీసుకున్నాడనుకో. కాగితం లేదు, వడ్డీ మాట లేదు. షరతు ఒక్కటే, తెచ్చిన చేప ఆయనకే వేయాలి. బయట పాటలో కిలో 180 పలికే చేపకు ఆయన 160 కడతాడు. ఏడాదిలో ఆ పడవ మూడు వేల కిలోలు వేసిందంటే, కిలోకు 20 చొప్పున 60,000 రూపాయలు అక్కడే పోయాయి. లక్ష అసలు మాత్రం కదలలేదు. ఇవి నీకు అర్థం కావడానికి నేను వేసిన అంకెలు, ఊరిని బట్టి, చేపను బట్టి మారతాయి. లెక్క తీరు మాత్రం మారదు. వడ్డీ లేదనుకున్న అప్పుకు ఏడాదికి నూటికి 60 కట్టిన ఆ మనిషి, తనకు వడ్డీ లేదనే నీతో చెబుతాడు. మీ ఊళ్ళో మేత అప్పుకిచ్చిన డీలరు పట్టుబడి రోజున గట్టు మీద వచ్చి నిలబడతాడు చూడు, ముడి అదే. సముద్రం దగ్గర అది ఇంకా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ తాకట్టు పెట్టడానికి ఎకరం భూమి కూడా ఉండదు.

ఇంత విని సావుకారు మీద కోపం తెచ్చుకోకు. నడిరాత్రి ఇంట్లో మనిషికి బాగోలేదంటే తలుపు తీసి డబ్బిచ్చేది ఆయనే. వల రాళ్ళకు చిరిగి పోతే మళ్ళీ పెట్టుబడి పెట్టేదీ ఆయనే. వేట సరిగా లేని నెలలో వాయిదా కట్టమని పీడించడు. బ్యాంకు వాయిదా నెల తిరిగేసరికి కట్టాలి, చేప పడినా పడకపోయినా. కాబట్టి సావుకారు దగ్గర తీసుకోవద్దని నువ్వు ఉపన్యాసం ఇస్తే ఊళ్ళో ఎవరూ వినరు, వినకపోవడం న్యాయమే. ఆయన చేసే పనిని ఇంకెవరైనా అంతకంటే తక్కువ ఖర్చులో చేయగలిగినప్పుడే ఆ ముడి వదులవుతుంది.

అలా చేసి చూపించినవాళ్ళున్నారు. తిరువనంతపురం దగ్గర మరియనాడు అనే జాలరి పల్లె ఉంది. అక్కడివాళ్ళు 1970 ప్రాంతంలో సంఘం పెట్టుకుని, ఒడ్డు మీద పాట తామే నడపడం మొదలుపెట్టారు. సభ్యుడి చేప సంఘం పాటలో అమ్ముడుపోతుంది. వచ్చిన డబ్బులో కొంత శాతం అప్పు కింద, కొంత పొదుపు కింద పట్టుకుని మిగతాది చేతికిస్తారు. ఎక్కువ పడిన రోజు ఎక్కువ తీరుతుంది, పడని రోజు ఏమీ కట్టనక్కర్లేదు. సావుకారు పద్ధతిలో ఉన్న మంచినంతా తీసుకుని, ధర మీది పెత్తనాన్ని మాత్రం వదిలేశారు. అలాంటి పల్లె సంఘాలు 1980 నాటికి ఒక సమాఖ్యగా కలిశాయి, దాన్ని సిఫ్స్ అంటారు. మన వైపు కాగితం మీద మత్స్యకార సహకార సంఘాలు చాలానే ఉన్నాయి. నువ్వు వెళ్ళే ఊరి సంఘం చేప అమ్ముతోందా, లేక సబ్సిడీ వలలు వచ్చినప్పుడు సంతకాలకే లేస్తోందా అని చూడు. చేప అమ్మని సంఘం జాలరికి ధర తేలేదు.

కేరళ సంగతే ఇంకొకటి. రాబర్ట్ జెన్సన్ అనే ఆర్థికవేత్త 2007లో ఒక అధ్యయనం అచ్చువేశాడు. ఉత్తర కేరళ తీరానికి 1997 నుంచి 2001 లోపు మొబైల్ ఫోన్లు వచ్చాయి. కవ్వళ్ళు పట్టేవాళ్ళు సముద్రం మీద నుంచే ఏ ఒడ్డున ఎంత ధర ఉందో కనుక్కుని అక్కడికి పడవ తిప్పారు. జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకు ధర 4 శాతం తగ్గింది, అమ్ముడుపోక పారబోసే చేప దాదాపు లేకుండా పోయింది. ఇది విని చాలామంది ఫోనే పల్లెను మారుస్తుందనుకున్నారు. నా మాట విను. ధర తెలియడం ఒక ఎత్తు, ఆ ధర దగ్గరికి పడవ తిప్పే స్వేచ్ఛ ఉండడం ఇంకో ఎత్తు. మన ఒడ్డున అడ్వాన్సులో ఉన్నవాడి జేబులోనూ ఫోనుంది. పక్క ఊళ్ళో కానాగంతలు ఎంత పలుకుతున్నాయో వాడికి తెలుసు. తెలిసి కూడా సావుకారు పెట్టెలోనే వేస్తాడు.

ఇక ఆడవాళ్ళ సంగతి. దీనికి ఎక్కువ చోటిస్తున్నాను, ఎందుకంటే మన మత్స్యశాఖ రిజిస్టర్లలో వాళ్ళకు తక్కువ చోటుంది. మగవాళ్ళు చేప తెస్తారు, దాన్ని డబ్బు చేసేది చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు. పాటలో గంప సరుకు పాడుకుని, ఆటో మాట్లాడుకుని, ఊళ్ళ మీదికి వెళ్ళి అమ్మి, మధ్యాహ్నానికి బియ్యంతో తిరిగొస్తారు. ఇప్పుడు వాళ్ళు ఐసు పెట్టెల వ్యాన్లతో వచ్చే వ్యాపారులతో పోటీపడి పాడాలి. చేతిలో పెట్టుబడి ఉండదు. పొద్దున 900 చేతికిచ్చి సాయంత్రానికి 1,000 తీసుకునే అప్పు మీద వ్యాపారం చేసేవాళ్ళు నీ ఊళ్ళో ఉన్నారేమో అడుగు. రోజుకు వంద రూపాయలు అలా పోతే ఏడాదికి ఎంతో నువ్వే లెక్కవేసుకో. డ్వాక్రా సంఘంలో ఆ మనిషి పేరున అప్పు ఉంటుంది, కానీ ఆ డబ్బు చాలాసార్లు వల కొనడానికో ఇంజిను బాగుచేయించడానికో పోతుంది. అప్పు భార్య పేరున, పడవ భర్త పేరున. ఆ ఇంట్లో ఎప్పుడైనా తేడా వస్తే ఆమెకు మిగిలేది అప్పు. సంఘం సమావేశంలో ఎవరి అప్పు దేనికి వెళ్ళిందో మెల్లగా మాటల్లో తెలుసుకో, రిజిస్టరు తెరిచి పోలీసులా అడగకు.

ఎండుచేప కూడా వాళ్ళ పనే. నెత్తళ్ళు, కవ్వళ్ళు ఇసుక మీద ఆరబోస్తారు. ఇసుక అంటిన చేప తినేవాళ్ళ దగ్గరికి పోదు, కోళ్ళ మేతకు తక్కువ ధరకు పోతుంది. నేలకు ఎత్తుగా కర్రల మీద పాత వల పరిచి ఆరబెడితే, శుభ్రంగా కడిగి సరైన ఉప్పు పడితే, అదే చేప మనుషులు కొనే ధరకు పోతుంది. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సోలార్ డ్రయ్యర్లు కావాలంటే విశాఖలోని సిఫ్ట్ (కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ) కేంద్రంవాళ్ళను అడగవచ్చు. పచ్చిచేపకైతే చేప ఎంత బరువో ఐసు అంత ఉండాలని నువ్వు చదువుకున్నావు. నీ ఊరికి ఐసు ఎంత దూరం నుంచి వస్తుందో, వచ్చేసరికి ఎంత కరిగిపోతుందో కూడా చూడు. ఐసు లేని ఒడ్డున కొనేవాడు చెప్పిందే ధర, ఎందుకంటే మధ్యాహ్నం దాకా చేప ఆగదు.

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది, రాష్ట్రంలో అంత పొడవు ఇంకే జిల్లాకూ లేదు. ఇంత తీరానికి పెద్ద పడవలు నిలిచే హార్బరు లేకపోయింది. కెరటం విరిగే ఒడ్డు మీదికి తోసి లాగగలిగిన చిన్న పడవలే ఇక్కడ నడిచాయి. మనుషులు మాత్రం సముద్రం బాగా తెలిసినవాళ్ళు. పనితనం ఉండి పడవ లేకపోవడం వల్ల కుర్రవాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి యజమానుల బోట్లు ఎక్కుతున్నారు. ఆగస్టులో వెళితే వేసవి దాకా అక్కడే. బోటు నడిపే తండేలు మనుషుల్ని పోగుచేస్తాడు, ఇంటికి ముందుగానే కొంత డబ్బు ముడుతుంది. ఒడ్డున పడవకు పడ్డ ముడే వలసలో మనిషికి పడుతుంది.

2018 నవంబరులో అలా వెళ్ళిన మనవాళ్ళు ఇరవై మంది దాకా సరిహద్దు జలాల్లో పాకిస్తాన్ దళాలకు చిక్కారు. 2020 జనవరిలో వాఘా మీదుగా వచ్చేదాకా ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళు అధికారుల చుట్టూ తిరిగారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేల మంది వెరావల్‌లో చిక్కుకుని, బస్సుల్లో ఇక్కడికి చేరారు. ఈ రెండూ గుర్తుపెట్టుకుని ఒక పని చెయ్యి. ఆగస్టు రాకముందే వలస వెళ్ళేవాళ్ళ పేరు, తండేలు పేరు, అక్కడి బోటు నంబరు, యజమాని ఫోను, ఇంట్లో ఎవరికి చెప్పాలో ఒక పుస్తకంలో రాసిపెట్టు. ఎవరూ ఆదేశం ఇవ్వరు, అయినా రాయి.

ఊళ్ళో ఉండి వేటకెళ్ళేవాళ్ళకూ ఇలాంటి పుస్తకమే కావాలి. ఏ తెప్ప మీద ఎవరెవరు, ఏ పూట వెళ్ళారు. తెప్ప తిరిగి రాకపోతే, శవం దొరకకపోతే, చట్టం మామూలుగా ఏడేళ్ళు కనిపించకుండా ఉన్నాకే మనిషి పోయినట్టు ఊహిస్తుంది. అంతదాకా అతని భార్యకు బీమా రాదు, పింఛను రాదు. ఆ రోజే పోలీసు స్టేషన్లో, మెరైన్ పోలీసుల దగ్గర ఫిర్యాదు పడి, పడవ మీద ఎవరున్నారో రాతపూర్వకంగా ఉంటే, ఆమె తరఫున అధికారుల ముందు వాదించడానికి నీకు ఆధారం ఉంటుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా 5 లక్షలు. పేరు ముందుగా నమోదై ఉంటేనే అది. చిన్నకుర్రాళ్ళు నమోదుకు బద్ధకిస్తారు. తల్లులకు చెప్పు, వాళ్ళే లాక్కొస్తారు.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేప గుడ్లు పెట్టే కాలం అది, ఆ నిషేధం అవసరమే. ఆ రోజులకు ఇచ్చే భృతిని ప్రభుత్వం 2025లో 20,000 రూపాయలు చేసింది, శ్రీకాకుళం జిల్లాలోని బుడగట్లపాలెంలోనే ఆ పథకం మొదలుపెట్టారు. డబ్బు పడవ మీద వెళ్ళేవాళ్ళ పేరున వస్తుంది. గంప మోసే ఆమెకు కూడా ఆ రెండు నెలలూ సరుకు లేదు, కానీ ఆమె పేరు జాబితాలో ఉండదు. సావుకారు దగ్గర కొత్త అడ్వాన్సులు ఎక్కువగా పుట్టేదీ ఈ రెండు నెలల్లోనే. కాబట్టి కిసాన్ క్రెడిట్ కార్డు దరఖాస్తులు మే నెలలో కాకుండా జనవరి, ఫిబ్రవరిలోనే బ్యాంకుకు చేర్చు. చేపలవాళ్ళకు ఆ కార్డు వర్తిస్తుందని కొందరు మేనేజర్లకు నువ్వే చెప్పాల్సి వస్తుంది. 2 లక్షల దాకా తాకట్టు అడగకూడదు, గడువులో కడితే వడ్డీ నూటికి 4 పడుతుంది. చేపలమ్మే ఆడవాళ్ళకు కూడా అడుగు.

మేనేజరు నీ మాట నమ్మాలంటే కాగితం కావాలి. అందుకే మొదటి రోజు నుంచి ధరల పుస్తకం పెట్టు. తేదీ, చేప పేరు, పాటలో పలికిన ధర, అడ్వాన్సులో ఉన్న పడవకు కట్టిన ధర, నాలుగు గళ్ళు చాలు. పడవ యజమాని పేరు రాయకు, ఊళ్ళో అతనికి ఇబ్బంది. నెత్తళ్ళు, కవ్వళ్ళు కలిపి రాయకు, చందువ, కోనాం అసలే కలపకు, కలిపితే సగటు అబద్ధం చెబుతుంది. మొదటి నెల పేజీలు ఫోటోలు తీసి నాకు పంపు. తేడా ఏ చేపలో ఎక్కువుందో కలిసి చూద్దాం, ఆ చేపతోనే సంఘం పాట మొదలుపెట్టమని ఊరిపెద్దల్ని అడుగుదువు గాని.

మీ
పెదనాన్న