గడప దాటే చక్రాలు

ఉద్దేశం: చక్రాల కుర్చీలో జీవించే వ్యక్తికి అనువుగా ఇంటిని ఎలా మార్చుకోవాలో, అటువంటి మార్పు ఆ వ్యక్తి స్వేచ్ఛకు ఎందుకు అవసరమో తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్నారు పెద్దలు. చక్రాల కుర్చీపై ఆధారపడిన వారి విషయంలో ఈ సామెత అక్షరసత్యం. 2016లో రూపొంది, 2017 ఏప్రిల్ 19న అమలులోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, నిర్దిష్ట స్థాయి వైకల్యం గలవారికి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని ఆదేశించింది. సీటు లభించినా ఇంటి మెట్లు దిగలేని విద్యార్థికి ఆ హక్కు అందని మ్రానిపండే కదా!

గోల్నాకలో ఒక పాత ఇంటిని ఊహించుకుందాం. ముందు మూడు మెట్లు, ఆపైన ఎత్తయిన గడప, ఇరుకైన తలుపులు. ఆ ఇంటి అమ్మాయికి ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిన్నది. చేరువలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆమెకు సీటు వచ్చింది. ప్రతి ఉదయం తండ్రి, అన్న ఆమెను కుర్చీతో సహా ఎత్తి వీధిలోకి దింపాలి. అన్న ఊరు వెళ్లిన నాడు ఆమెకు పాఠం లేదు. ఆమె చదువును ఆపుతున్నది ఆమె కాళ్లా? ఆ మూడు మెట్లా?

మెట్టుకు 15 సెంటీమీటర్ల చొప్పున మూడు మెట్ల ఎత్తు 45 సెంటీమీటర్లు. ర్యాంపు ఒక వంతు ఎత్తుకు కనీసం 12 వంతుల పొడవుండాలి. అంటే ఈ ఇంటికి 5 మీటర్ల 40 సెంటీమీటర్ల ర్యాంపు కావాలి. స్థలం చాలదని నిటారుగా కడితే ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కు తిరగబడవచ్చు. అందువల్ల ప్రహరీ లోపలనే మలుపు తిప్పి, మలుపు వద్ద కుర్చీ తిరిగేందుకు ఒకటిన్నర మీటర్ల సమతలం విడవాలి.

ద్వారం 90 సెంటీమీటర్ల వెడల్పుండటం మేలు. ఇక గడప. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను తొలగించడానికి పెద్దలు సందేహించవచ్చు. నేలకు సమంగా పరచిన రాతిపై కూడా పసుపు కుంకుమలు శోభిస్తాయి. ఇంటి ఆడపడుచు స్వేచ్ఛగా దాటగల గడపే మంగళప్రదం.

అన్నిటికంటే ముందు సరిచేయవలసినది స్నానాల గది. ఎందుకంటే మనిషి ఆత్మగౌరవం అక్కడ ముడిపడి ఉంది. కుర్చీ ఎత్తుకు సరిపడే కమోడు, గోడలో గట్టిగా బిగించిన పట్టుకమ్మీలు, జారని నేల ఉండాలి. తలుపు బయటకు తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు వారి శరీరమే అడ్డమవుతుంది. వంటగట్టు కింద మోకాళ్లకు చోటు విడిచి, స్విచ్చులను 90 నుండి 120 సెంటీమీటర్ల ఎత్తులో అమర్చితే చాలా పనులు ఆమె స్వయంగా చేసుకోగలదు. అద్దె ఇల్లయితే తీసివేయదగిన ర్యాంపును ఉపయోగించవచ్చు. ఏ మార్పునైనా ఆమెను అడిగి చేయడం కనీస మర్యాద.

అమెరికన్ వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ (1941–1998) బాల్యంలోనే పోలియో బారిన పడ్డారు. కళాశాలలో ఆయనను మెట్లపై మోసుకొని వెళ్లవలసి వచ్చేది. ఆ అనుభవమే ఆయనను అందరికీ అనువైన నిర్మాణాల వైపు నడిపించింది. ‘సార్వజనీన రూపకల్పన’ అనే భావనకు ఆయన ప్రాచుర్యం కల్పించారు.

1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల భవనం ముందున్న విశాలమైన సోపానపంక్తి కన్నులపండువు. దానిని చూసినప్పుడు చక్రాల కుర్చీలోని విద్యార్థి ఏ దారిన లోపలికి వెళతాడని కూడా మనం ఆలోచించాలి. 2017లో మొదలైన తార్నాక మెట్రో స్టేషనుకు లిఫ్టులున్నాయి. ఆ లిఫ్టు వరకు చేరాలంటే తొలి ప్రయాణం ఇంటి గడప నుండే సాగాలి. ఇంటి ముందు కట్టిన ర్యాంపు రేపు మోకాళ్ల నొప్పుల నాయనమ్మకు, నిండు గర్భిణికి కూడా దారి అవుతుంది. పరాధీనతను తొలగించే ఇల్లు దయాదానం కాదు, మనిషికి మనిషి చెల్లించవలసిన గౌరవం.

అర్థాలు
మ్రాను = చెట్టు
సోపానపంక్తి = మెట్ల వరుస
సార్వజనీనం = అందరికీ సంబంధించినది
పరాధీనత = ఇతరులపై ఆధారపడటం

ప్రశ్నలు
1. చక్రాల కుర్చీకి అనువుగా ఇంటిలో చేయవలసిన మార్పులను వివరించండి.
2. స్నానాల గది తలుపు బయటకు ఎందుకు తెరుచుకోవాలి?
3. 60 సెంటీమీటర్ల ఎత్తుకు కనీసం ఎంత పొడవైన ర్యాంపు అవసరం?
4. మీ కళాశాలలో చక్రాల కుర్చీ చేరలేని చోట్లను గుర్తించి, ప్రిన్సిపాల్‌కు లేఖ రాయండి.