పిండికి పురుగు పడితే మందు మాత్ర వద్దు, ఎండే మందు



ఈ నెల పాఠం వంటింటి అలమరా గురించి. జొన్నపిండి, గోధుమపిండి, రవ్వ, కందిపప్పు ఏదైనా సరే, ఎప్పుడో ఒకప్పుడు పురుగు పట్టని ఇల్లు ఉండదు. శ్రావణమాసంలో గాలిలో తేమ పెరుగుతుంది. ఉరుకుందకు జనం వచ్చే ఆ రోజుల్లో బంధువులు వస్తారని పిండి ఎక్కువగా పట్టించి పెడతాము. మిగిలిన పిండికి పురుగు పడుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే ఆ పురుగును దేనితో చంపుతున్నామనేది మాత్రం ప్రాణాలకు సంబంధించిన విషయం.

పురుగు ఎక్కడి నుండి వస్తుంది?

పిండిలో పురుగు దానంతట అదే పుట్టదు. గింజలతోను, అంగడి సంచులతోను, గిర్నిలో మిగిలిన పాత పిండితోను గుడ్లు మన ఇంటికి వస్తాయి. డబ్బా అంచులో, అలమరా సందుల్లో మిగిలిన పిండి వాటికి చాలు.

ముక్కు పురుగు: గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది. పైకి గింజ బాగానే కనిపిస్తుంది.

ఎర్ర పిండి పురుగు: గట్టి గింజను సరిగా కొరకలేదు. పిండి, రవ్వ, నూకల్లో బతుకుతుంది. ఒక్క ఆడపురుగు తన జీవితకాలంలో వందల గుడ్లు పెడుతుంది. మన వేడికి సుమారు నెల రోజుల్లో గుడ్డు నుండి పెద్ద పురుగు తయారవుతుంది.

పప్పు పురుగు: కంది, పెసర, అలసందల మీద తెల్లని చుక్కలు కనిపిస్తే అవి దీని గుడ్లే.

రెక్కల పురుగు: దీని పిల్లపురుగులు గూడు అల్లుతాయి. రవ్వ, పిండి ఉండలు కట్టడానికి అదే కారణం.

పురుగు పట్టిన పిండి తినవచ్చా?

ఒకటి రెండు పురుగులు కనిపిస్తే జల్లెడ పట్టి, బాగా కాల్చిన రొట్టెలు చేసుకోవచ్చు. పిండి రంగు మారి, ఘాటైన వాసన వస్తే పారవేయాలి. పురుగులు వదిలే రసాయనం వల్లనే ఆ వాసన వస్తుంది.

పురుగు కన్నా బూజు ప్రమాదం. 1995లో దక్కన్ ప్రాంతపు కొన్ని పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిన్నవారికి కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. ఆ గింజల్లో బూజు వల్ల పుట్టిన విషం ఉన్నట్లు పరీక్షల్లో తేలింది. కడిగినా, ఎండబెట్టినా, కాల్చినా బూజు విషం పూర్తిగా పోదు. బూజు పట్టిన పిండి, వేరుశనగ విత్తనాలు మనుషులకే కాదు, పశువులకు, కోళ్ళకు కూడా పెట్టవద్దు.

మాత్రల సంగతి

గింజల సంచిలో పెట్టే మాత్రల పేరు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే దాని నుండి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. పురుగును చంపే ఆ గాలే పక్కన పడుకున్న బిడ్డను కూడా చంపుతుంది. వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో రావచ్చు. వాసన రాలేదు కదా అని ధైర్యపడకూడదు. ఈ విషానికి విరుగుడు మందు లేదు.

గోదాములో ధాన్యాన్ని పట్టాలతో మూసి, మనుషులను దూరంగా ఉంచి, శిక్షణ పొందినవారు వాడే మందు ఇది. 2001లో ప్రభుత్వం 10, 20 మాత్రల గొట్టాలను పూర్తిగా నిషేధించింది. ఇంట్లో వాడడానికి ఇది తగదు. పూర్వం చల్లిన బి.హెచ్.సి. పొడి కూడా 1997లోనే నిషేధమైంది. ఎవరి ఇంట్లోనైనా పాతది మిగిలి ఉంటే ముట్టవద్దు. బొద్దింకల కోసం గీసే సుద్దముక్క పిల్లలకు బలపంలా కనబడుతుంది. దానిని కూడా వంటింట్లో ఉంచకండి.

గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి ఏరడానికి వలస వెళ్ళేవారు తాళం వేసేముందు సంచుల్లో మాత్రలు వేసి వెళ్ళవద్దు. ఇంట్లో మిగిలిన ముసలివారు, పక్క గదిలోని వారు ఆ గాలినే పీల్చాలి.

ఎవరికైనా ప్రమాదం జరిగితే:

1. తలనొప్పి, వాంతి, ఛాతీ బిగపట్టడం, ఆయాసం ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అనుమానించాలి.
2. అందరినీ వెంటనే ఆరుబయటికి తేవాలి. మాత్రలు వెదకడానికి మళ్ళీ లోపలికి వెళ్ళవద్దు.
3. మాత్రల మీద నీళ్ళు పోయవద్దు. పోస్తే విషవాయువు ఇంకా వేగంగా వస్తుంది.
4. మాత్ర మింగినవారికి ఉప్పునీళ్ళు తాపి వాంతి చేయించవద్దు.
5. 108కి ఫోన్ చేయాలి. ఏ మందు అన్నది డాక్టరుకు దాచకుండా చెప్పాలి. కాస్త తేలికగా ఉన్నా ఇంటి దగ్గర ఆగిపోవద్దు.

మరి ఏం చేయాలి?

1. పిండి రెండు వారాలకు సరిపడా మాత్రమే పట్టించండి. అరణ్యంలో మరునాటికి దాచుకున్న మన్నాకు పురుగు పట్టిన సంగతి మనకు తెలిసిందే.
2. గింజలను గట్టి ఎండలో పల్చగా ఆరబోయండి. కొరికితే పటుక్కుమనాలి. నల్ల పట్టా మీద పోసి, పైన పారదర్శకమైన కవరు కప్పి, అంచులు మూసి మిట్టమధ్యాహ్నం రెండు గంటలు ఉంచితే వేడి ఇంకా బాగా పడుతుంది. విత్తనాల గింజలకు మాత్రం ఇలా చేయవద్దు.
3. పూర్తిగా చల్లారిన తరువాతే డబ్బాలో పోయండి. వేడిగా మూస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది.
4. గింజల డబ్బాను నిండా నింపి, గాలి చొరకుండా మూయండి. లోపల గాలి తక్కువైతే పురుగు పెరగదు.
5. కందిపప్పు, పెసలకు కిలోకు ఒక చెంచా ఆముదం గాని, వంటనూనె గాని పట్టించండి. పప్పు పురుగు గుడ్లు నిలవవు.
6. పాత పిండి మీద కొత్త పిండి పోయవద్దు. డబ్బా కడిగి, ఎండబెట్టి, అప్పుడే నింపండి.
7. నెలకొకసారి అలమరా ఖాళీ చేసి, సందులు బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడవండి. ఆ చెత్తను ఇంటి బయట పారవేయండి.

వేపాకు, ఎండుమిరపకాయలు వేయడం మన పెద్దల అలవాటు. వేస్తే తప్పు లేదు. కాని తేమ ఉన్న గింజలను అవి కాపాడలేవు. ముందు ఎండ, తరువాత ఆకు.

ఇంట్లో అందరూ కలిసి జవాబు చెప్పండి

1. పురుగు గుడ్లు మన ఇంటికి ఏ దారిన వస్తాయి?
2. పురుగు పట్టిన పిండికి, బూజు పట్టిన పిండికి తేడా ఏమిటి?
3. మాత్రల మీద నీళ్ళు ఎందుకు పోయకూడదు?

చదువు రాని అవ్వకు, పక్కింటివారికి కూడా ఈ పాఠం చదివి వినిపించండి. యోసేపు ఏడేళ్ళ ధాన్యం దాచింది ప్రాణాలు నిలపడానికే. మన ఇంట్లోని గింజలు కూడా అందుకే. దేవుడు మీ కుటుంబాలను కాపాడును గాక.