రాబందులు లేని ఆకాశము

పశువు చచ్చినయెడల దానిని ఊరిబయటి బీటికి ఈడ్చి విడిచివచ్చుట పల్లెలలో పూర్వమునుండి ఉన్న వాడుక. తరువాతి పనిని గూర్చి ఎవ్వరును చింతించెడివారు కారు. ఆకాశమున ఒక నల్లని చుక్క కనబడును. అది క్రిందికి దిగుట చూచి దూరమున తిరుగుచున్న మరియొకటి దిగును. దానిని చూచి వేరొకటి. గుంపు చేరిన రెండు మూడు గడియలలో ఎముకలు తప్ప మరేమియు మిగిలెడిది కాదు.

లోభిని రాబందుతో పోల్చుట లోకమున కలదు. అది పక్షికి చేసిన అన్యాయమే. రాబందు సాధారణముగా ప్రాణమున్నదాని జోలికి పోదు. దాని బోడిమెడ వికారమందురు. కాని కళేబరములోనికి తల దూర్చి తినుదానికి మెడనిండ ఈకలున్నచో రక్తమంటి కుళ్లిపోవును. దాని కడుపులోని ఆమ్లము మిక్కిలి తీక్ష్ణమైనది. ఇతర జంతువులకు రోగము కలిగించు సూక్ష్మజీవులు పెక్కు అందు నశించును.

1980 దశకమున భారతదేశమందు ఇవి కోట్లసంఖ్యలో ఉండెడివని అంచనా. రాజస్థానములోని భరత్‌పూరు పక్షికేంద్రమున వందలకొలది గూళ్లుండెడివి. 1990 దశకమున బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చెందిన విభూ ప్రకాశ్ అచ్చట చెట్లక్రింద చచ్చిపడిన రాబందులను, కొమ్మలపై మెడలు వ్రేలవేసి కూర్చున్న రాబందులను గమనించెను. 1992 మొదలు 2007 లోపల దేశమందలి తెల్లవీపు రాబందులలో నూటికి 99కి పైగా నశించెను. పురుగుమందులని కొందరును, అంటురోగమని కొందరును తలచిరి.

కారణము 2004లో తెలిసెను. లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్యశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును పాకిస్తానులో చచ్చిన పక్షులను కోసి పరీక్షించిరి. లోపలి అవయవములపై సుద్దవంటి తెల్లని పూత ఉండెను. మూత్రపిండములు చెడి, విసర్జింపబడవలసిన ఆమ్లము లోపలనే పేరుకొన్నదన్నమాట. ఆ చెరుపు చేసినది డైక్లోఫెనాక్ అను నొప్పిమందు. కుంటుచున్న ఎద్దునకు, పొదుగు వాచిన ఆవునకు రైతులు దానిని వేయించుచుండిరి. మందు వేసిన రెండు మూడు దినములలో పశువు చచ్చినచో విషము మాంసమందు నిలిచియుండును. ఇట్టి కళేబరము నూటికి ఒకటి అయినను లేకపోవచ్చును. కాని ఒక్కదానిచుట్టును పదులకొలది పక్షులు చేరును గదా! రైతును దూషింపరాదు. నోరులేని పశువు బాధ చూడలేక ఆతడు చేసిన పని అది.

రాబందులు పోయినను పశువులు చచ్చుట ఆగలేదు. కళేబరములు కాలువగట్లపై కుళ్లజొచ్చెను. ఆ ఆహారము కుక్కలకు దక్కి వాని సంఖ్య పెరిగెను. కుక్క రాబందువలె శుభ్రముగా తినదు. పైగా కరచును, కాటుతో పిచ్చికుక్కవ్యాధి వ్యాపించును. 2000 నుండి 2005 వరకు ఈ మార్పువలన సుమారు 5 లక్షలమంది అదనముగా మరణించిరని 2024లో ప్రచురింపబడిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన లెక్కగట్టినది. ఎద్దు కాలికి వేసిన మందు ఇంతదూరము పోవునని ఎవ్వరూహింతురు?

2006లో భారత ప్రభుత్వము పశువులకు ఆ మందు వాడుటను నిషేధించెను. మెలాక్సికామ్ అను వేరొక మందు రాబందులకు హాని చేయదని తేలెను. అయినను మనుష్యులకై చేసిన పెద్దసీసాలు దొంగచాటుగా పశువులకు చేరుచుండుటచే 2015లో సీసా పరిమాణమును 3 మిల్లీలీటర్లకు తగ్గించిరి. హర్యానాలోని పింజోరున రాబందులను పెంచు కేంద్రమునకు జటాయువు పేరు పెట్టిరి.

తెలంగాణములో, నేటి కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవియందు, పాలరాపుగుట్ట చరియలలో 2013లో పొడుగుముక్కు రాబందులు కనబడెను. ఆడపక్షి ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. ఆ పిల్ల ఎదిగి తాను గూడు కట్టుటకు నాలుగైదేండ్లు పట్టును.