చిరునామా నమోదు కుదరదంటే ఆ ఇల్లు వద్దు

ప్రశ్న: మావారికి నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం వచ్చింది. పక్కనే ఆమ్‌స్టెల్‌వేన్‌లో అద్దె ఇల్లు చూశాం. మూడు నెలల అడ్వాన్సు, ఏజెంటు కమీషను అడుగుతున్నారు. మునిసిపాలిటీలో ఆ చిరునామా నమోదు చేయించుకోకూడదట. తీసుకోవచ్చా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: వద్దమ్మా. మిగతా రెండిటి సంగతి తర్వాత చూద్దాంగానీ, ఆ చివరి షరతుకు మాత్రం ఒప్పుకోకండి. నాలుగు నెలలకు మించి ఉండేవాళ్లు అక్కడికి చేరిన 5 రోజుల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. అది లేకపోతే బీఎస్‌ఎన్ (పౌర సేవా సంఖ్య) నంబరు రాదు. ఆ నంబరు లేనిదే జీతం, బ్యాంకు, ఆరోగ్య బీమా అన్నీ చిక్కే. నమోదు వద్దన్నారంటే తరచుగా ఆ ఇంటిని అద్దెకిచ్చే హక్కే వాళ్లకు ఉండదు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇళ్లు దొరక్క జనం శివార్లకు మళ్లడంతో అక్కడా గిరాకీ పెరిగింది. ఎలాగైనా ఇల్లు దొరికితే చాలన్న తొందరే ఇలాంటి యజమానులకు అలుసు. ఇక అడ్వాన్సు సంగతికొస్తే, 2023 జులై నుంచి చేసుకున్న ఒప్పందాల్లో అది రెండు నెలల మూల అద్దెకు మించకూడదు. ఏజెంటు యజమాని తరఫున పనిచేస్తుంటే మీ దగ్గర కమీషను తీసుకోవడం చట్టవిరుద్ధం.

ఇల్లు చూడకుండా, సంతకం కాకుండా డబ్బు పంపకండి. యజమాని ఎవరో భూమి రిజిస్టరు కార్యాలయం ‘కాడాస్టర్’లో కొద్ది రుసుముతో తెలుసుకోవచ్చు. ఇంట్లో ఏమేం ఉంటాయో కూడా రాయించుకోండి. ‘ఖాళీ ఇల్లు’ అంటే అక్కడ చాలాచోట్ల ఫ్లోరింగు, దీపాలు కూడా ఉండవు!

ఇప్పటికే సంతకం చేసేసి ఉంటే ‘యురిడిస్ లోకెట్’ ఉచిత న్యాయ సలహా కేంద్రాన్ని అడగండి. అద్దె మరీ ఎక్కువనిపిస్తే ఒప్పందం మొదలైన 6 నెలల్లోపు అద్దెల సంఘం ‘హ్యూర్‌కమిస్సీ’కి దరఖాస్తు చేయండి. డబ్బు పంపాక అవతలివాళ్లు పలక్కపోతే మాత్రం వెంటనే బ్యాంకుకు, పోలీసులకు చెప్పండి.