హౌసింగ్ ఆయిల్ చూసి జబ్బు చెప్పే చేతికి విలువ ఎక్కువ

పది, ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చిత్తూరు జిల్లాలో తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటే: "మావోడికి సీఎస్ఈ వస్తాదా సార్?" పక్కనే తల దించుకుని నిలబడ్డ పిల్లవాడికి ఆ వెంటనే ఒక బెదిరింపు: "సదువు అబ్బకపోతే షెడ్డులో పడేస్తాం." ఈ రెండో మాట వింటే నాకు కోపం ఆగదు. చదువు రానివాళ్లే షెడ్డుకు పోతారన్న నమ్మకం పెద్దల్లో ఎంత గట్టిగా ఉందంటే, చేతిలో నిజమైన నేర్పున్న పిల్లలు కూడా అది బయటికి చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు.

షెడ్డులో బుర్ర అక్కర్లేదనుకునేవాళ్లు బంగారుపాళ్యంలో ఒక పూట గడిపితే తెలుస్తుంది. చిత్తూరు నుంచి బెంగళూరు పోయే హైవే మీది ఊరు. మామిడి సీజన్‌లో తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు, పికప్‌లు మార్కెట్ యార్డు ముందు బారులు తీరతాయి. పలమనేరు వైపు పోవాలంటే మొగిలి ఘాటు ఎక్కాలి. టన్ను మోయాల్సిన బండి మీద రెండు టన్నులు వేసి ఘాటు ఎక్కిస్తే ఆ భారమంతా వెనక ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ మీద పడుతుంది. షెడ్డుల్లో దాన్నే హౌసింగ్ అంటారు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి కదా, ఆ తేడాను సర్దేది అదే. లోపల క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్లు గట్టిగా ఒత్తుకుంటూ, జారుతూ తిరుగుతాయి. వాటి మధ్య నిలబడే పలుచని పొర గేర్ ఆయిల్. ఈ గేర్ల కోసమే జీఎల్-5 అనే రకం ఉంది.

ఆ ఆయిల్ దించి చూడడం ఎలాంటి పనో చెబుతాను. బండిని కాస్త నడిపి వస్తే ఆయిల్ పలచబడి బాగా దిగుతుంది. సమతలం మీద నిలిపి, పడకుండా స్టాండ్లు పెట్టాలి. మంచి మేస్త్రీ దగ్గర నేర్చుకున్న కుర్రాడు ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పుతాడు, ఆ తర్వాతే కిందిది. ఆయిలంతా దించేశాక పై ప్లగ్ బిగుసుకుపోయి రాకపోతే కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు, బండి అక్కడే ఆగిపోతుంది. పై ప్లగ్ తీయగానే ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉందో, కిందికి పోయిందో కూడా వేలు పెట్టి చూస్తాడు. తగ్గి ఉంటే సీలు కారుతోందేమోనని చక్రాల లోపలి వైపు, పినియన్ ముందు వెతుకుతాడు.

ఇక రంగు. నల్లగా ఉంది కాబట్టి చెడిపోయిందని తేల్చేవాడు ఇంకా నేర్చుకోవాల్సి ఉంది. వాడిన ఆయిల్ ముదురు రంగుకు రావడం మామూలే. తెల్లగా, పాలు కలిసినట్టు ఉంటే మాత్రం నీళ్లు చేరాయని అర్థం. వేడెక్కిన ఇరుసు వాగు నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. ఇరుసుకు గాలి ఆడే దారైన బ్రీదర్ మూసుకుపోయి ఉంటే, బయటి గాలికి బదులుగా సీలు పక్క నుంచి నీళ్లను లాగుతుంది. అలాంటప్పుడు ఆయిల్ మార్చి పంపేస్తే మళ్లీ అదే జబ్బు, బ్రీదర్ శుభ్రం చేయాలి. వాసనలోనూ మోసపోవచ్చు. గేర్ ఆయిల్‌కు పుట్టుకతోనే గంధకం కంపు ఉంటుంది, అది చెడుకు గుర్తు కాదు. మాడిన వాసన వేరు, దాన్ని ముక్కుకు అలవాటు చేసుకోవాల్సిందే. ప్లగ్‌కు అయస్కాంతం ఉంటే దానికి పట్టిన మెత్తని బూడిద రంగు ముద్దను వేళ్ల మధ్య రాస్తే గరుకు తగలకూడదు. ఆ ముద్ద మామూలు అరుగుదల. చిన్న పెచ్చులు, పంటి ముక్కలు కనబడితే మూత విప్పి లోపల చూడక తప్పదు. దాంతోపాటు ఓనర్‌ను నాలుగు ప్రశ్నలడగాలి: ఎప్పుడు మార్చారు, ఎంత లోడ్ వేస్తారు, వేగంలో గుయ్‌మని శబ్దం వస్తోందా, మలుపులో ఏమైనా కటకటలాడుతోందా?

చూడడం, తాకడం, వాసన పట్టడం, అడగడం, ఆ తర్వాత కారణం తేల్చడం. ఇది నేర్చినవాణ్ణి చదువు రానివాడని అనడం అన్యాయం. ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ పని పోతుందని భయపెట్టేవాళ్లున్నారు. ఎలక్ట్రిక్ కారులో ఇంజిన్ ఆయిల్ ఉండదు, నిజమే. కానీ మోటారుకూ చక్రాలకూ మధ్య గేర్లు, డిఫరెన్షియల్ సాధారణంగా ఉంటాయి, వాటికీ ఆయిల్ ఉంటుంది.

అర్హత గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు: పది పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు, రెండేళ్లు.

జాగ్రత్తల గురించి మాత్రం వివరంగా చెప్పాలి. మూడు నెలల్లో ఈవీ నిపుణుడు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటూ కరపత్రాలు పంచే ప్రైవేటు సెంటర్లకు డబ్బు కట్టే ముందు ఒక్కసారి లోపలికి పోయి చూడండి. పిల్లలు విప్పి బిగించే నిజమైన ఇరుసు ఒకటైనా ఉందా, గోడకు బొమ్మలేనా? సర్టిఫికెట్ ప్రభుత్వం గుర్తించినదా, వాళ్లే అచ్చు వేసుకున్నదా? గ్యారంటీని కాగితం మీద రాసిమ్మంటే ఏమంటున్నారు? జవాబులు తడబడితే తిరిగి వచ్చేయండి. ప్రభుత్వ ఐటీఐ సీటు మర్యాద తక్కువని భావించి, అప్పు చేసి అలాంటి చోట చేర్చే తండ్రులను చూస్తే బాధేస్తుంది.

ఇంకో తప్పు దీనికి ఎదురువైపు జరుగుతుంది. "సర్టిఫికెట్ ఎందుకు, మేస్త్రీ దగ్గర చేర్చు" అని పిల్లవాణ్ణి చిన్నప్పుడే షెడ్డులో వదిలేస్తారు. పద్నాలుగేళ్లు నిండనివాణ్ణి అలా పెట్టడం చట్టరీత్యా నేరం. వయసు వచ్చినవాడికైనా కాగితం లేకపోతే ఆర్టీసీ వర్క్‌షాపులో, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో తలుపు తెరుచుకోదు. చేతికి గ్లౌజు, కాళ్లకు బూట్లు ఇవ్వని చోట, వాడిన ఆయిల్‌ను కాలవలో పారబోసే చోట నేర్చేది సగమే.

నా మొగ్గు ఎటో దాచను. ఐటీఐ, ఆ వెంటనే అప్రెంటిస్‌షిప్, సెలవుల్లో ఊళ్లోని మంచి మేస్త్రీ చేతి కింద పని. 1961 అప్రెంటిస్ చట్టం కింద నేర్చుకునేటప్పుడే స్టైపెండు వస్తుంది, ఆర్టీసీ కూడా ఐటీఐవాళ్లను తీసుకుంటుంది. శ్రీసిటీలో ఇసుజు 2016 నుంచి పికప్‌లు తయారు చేస్తోంది, అలాంటి ఫ్యాక్టరీలు చూసి చాలామంది అసెంబ్లీ లైను వైపు పరుగెడతారు. ఒకే బోల్టు బిగించే కాంట్రాక్టు పని కంటే బండి మొత్తాన్ని చూసి జబ్బు చెప్పే సర్వీసు పనే పిల్లవాణ్ణి ఎక్కువ కాలం నిలబెడుతుందని నా నమ్మకం. చదువు మీద మళ్లీ మనసు పోతే బ్రిడ్జి కోర్సు చేసి పాలిటెక్నిక్‌కు, అక్కడి నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి పోవచ్చు. ఆడపిల్లలకూ ఈ ట్రేడు తెరిచే ఉంది, అడ్డం మన ఇళ్లలోనే ఉంది.

మీవాడికి ఇష్టం ఉందో లేదో తెలియకపోతే దరఖాస్తుకు ముందు ఒక ఆదివారం తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లండి. ఆయిల్ దించేటప్పుడు పక్కన నిలబెట్టి, మీరు నోరు మెదపకుండా ఉండండి. ముక్కు మూసుకుని దూరం జరిగితే బలవంతం చేయవద్దు. వంగి ట్రేలోకి తొంగి చూసి, "ఈ పొడి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నా?" అని మేస్త్రీని అడిగితే, మరుసటి రోజే ఐటీఐ అడ్మిషన్ తేదీ కనుక్కోండి.