రోటావాక్: పోటీ పరీక్షల ప్రత్యేకం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో గ్రూప్స్‌కు చదివే అభ్యర్థులు ఈ టీకా కథను తప్పక తెలుసుకోవాలి. మన పల్లెల్లో చంటిపిల్లల నోట్లో వేసే చుక్కల వెనుక రెండు దేశాల ఉమ్మడి పరిశోధన ఉంది.

పసిపిల్లల్లో తీవ్ర విరేచనాలకు రోటావైరస్ ప్రధాన కారణం. ఇది రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ వైరస్. చక్రంలా కనిపిస్తుంది కనుక ఆ పేరు. లాటిన్‌లో రోటా అంటే చక్రం.

1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో 116ఇ రకం వైరస్‌ను గుర్తించింది. అది సోకినా ఆ పిల్లలకు విరేచనాలు కాలేదు. టీకాకు బీజం అదే. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, సీడీసీ, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాత్ సంస్థ చేయి కలిపాయి. తయారుచేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది శిశువులపై మూడో దశ పరీక్షలు జరిగాయి.

విడుదల 2015 మార్చి 9. సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2016లో తొలి విడతగా చేరిన నాలుగు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, హరియాణా, హిమాచల్ ప్రదేశ్, ఒడిశా. ఈ వరుస గుర్తుంచుకోండి. 6, 10, 14 వారాల వయసులో నోటి ద్వారా వేస్తారు. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత ఇచ్చింది.